సిస్టమ్ తీస్కుంటలేదు సార్

"రెండొందల కోసం ఇంత రాద్ధాంతం అవసరమా?" అని వెనకాల లైన్లోంచి ఎవరో అన్నారు. అన్నది నన్నే. 2025 జనవరి 12, ఆదివారం సాయంత్రం, మర్నాడు భోగి. సూపర్ మార్కెట్లో ఇసుక వేస్తే రాలనంత జనం. బిల్లింగ్ కౌంటర్ దగ్గర నేను, మా అమ్మ, రెండు ట్రాలీలు, నాలుగు కూపన్లు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నాక్కూడా అదే అనిపించింది. రెండొందల కోసం ఇదంతా అవసరమా అని.

ఇప్పుడు మాత్రం అవసరమే అనిపిస్తోంది. ఎందుకో చెప్పాలంటే ముందు కూపన్ల కథ చెప్పాలి.

ముందు దసరాకి ఆ షాపు వాళ్ళు ఒక ఆఫర్ పెట్టారు. ప్రతి 2,000 రూపాయల బిల్లుకి 200 రూపాయల కూపన్ ఉచితం. కూపన్ని సంక్రాంతికి, అంటే జనవరి 1 నుంచి 15 లోపు, 1,000 దాటిన బిల్లు మీద వాడుకోవచ్చు. ఇదంతా కూపన్ ముందు వైపు ఎర్రటి తెలుగు అక్షరాల్లో, పక్కన ముగ్గు, గాలిపటం బొమ్మలతో సహా అచ్చేశారు. వెనక వైపు మాత్రం చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో పదకొండు షరతులు.

మా అమ్మ పదో తరగతి దాకా చదువుకుంది, తెలుగు మీడియంలో. నర్సరావుపేట దగ్గర మా ఊళ్ళో అయితే శెట్టిగారి కొట్లో ఖాతా ఉండేది. అక్కడ కూపన్లూ గీపన్లూ లేవు, కొసరు ఉండేది. సరుకులన్నీ కట్టాక ఇంత బెల్లం ముక్కో, గుప్పెడు పుట్నాలో పొట్లంలో వేసి ఇచ్చేవాడాయన. అడక్కపోయినా వేసేవాడు, అడిగితే ఇంకాస్త వేసేవాడు. హైదరాబాద్ వచ్చాక కూడా అమ్మ మా అపార్ట్‌మెంట్ కింద ఉన్న చిన్న కిరాణా కొట్లోనే కొనేది. ఆ దసరా నుంచి ఈ కూపన్ల కోసం సూపర్ మార్కెట్‌కి మారింది. మూడు నెలల్లో నాలుగు కూపన్లు సంపాదించింది. అంటే తక్కువలో తక్కువ 8,000 రూపాయల సరుకు అక్కడ కొందన్నమాట. వాటిని దేవుడి గూట్లో, కుంకుమ భరిణె కింద పెట్టుకుంది.

వెనకున్న షరతులన్నీ నాతో చదివించుకుంది. నూనె, పంచదార, బియ్యం, పాల మీద చెల్లదు. సరే, నూనె కింద కొట్లో కొనేసింది. ఒక బిల్లుకి ఒక కూపన్ మాత్రమే. సరే, అయితే నాలుగు బిల్లులు చేయిద్దాం అంది. షాపులో రెండు ట్రాలీల్లో సరుకుని నాలుగు కుప్పలు చేసి, మధ్యలో అట్టముక్కలు అడ్డం పెట్టింది. కందిపప్పు, నువ్వులు, జీడిపప్పు, టీ పొడి, సబ్బులు, పొలానికి కాపలా ఉండేవాళ్ళ పిల్లలకి రెండు జతల బట్టలు, ఒక స్టీలు డబ్బా. ప్రతి కుప్పా వెయ్యి దాటాలి, కానీ ఎక్కువ దాటకూడదు. మనసులోనే లెక్క. కౌంటర్ దగ్గర చూస్తే 1,012, 1,034, 1,007, 1,021. నాకు మతిపోయింది. నాప్‌సాక్ ప్రాబ్లమ్ అని మేం కాలేజీలో ఒక సెమిస్టరంతా చదివి పరీక్షలో రాయలేకపోయినదాన్ని ఈవిడ ట్రాలీలో చేసి చూపించింది :)

మొదటి బిల్లు సాఫీగా అయిపోయింది. 1,012 లో 200 పోను 812. అమ్మ నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది (ఫోన్లో డబ్బులు కట్టడం మీద అమ్మకి నమ్మకం లేదు). రెండో కుప్ప కొట్టాక కౌంటర్లో అమ్మాయి కూపన్ స్కాన్ చేసింది. బీప్ అంది. మళ్ళీ చేసింది. మళ్ళీ బీప్.

"సిస్టమ్ తీస్కుంటలేదు సార్" అంది.

"ఎందుకు?"

"తెల్వద్ సార్, ఇన్‌వ్యాలిడ్ అని వస్తున్నది."

నేను స్క్రీన్ వైపు తొంగి చూశాను. ఎర్రటి డబ్బాలో రెండే మాటలు. 'ఇన్‌వ్యాలిడ్ కూపన్'. గడువు అయిపోయిందా, బిల్లు చాల్లేదా, ముందే వాడేశారా, దేనివల్లో లేదు. ఆ పిల్లకి ఇరవై, ఇరవై రెండేళ్ళుంటాయేమో. పొద్దుట్నుంచి నించునే ఉన్నట్టుంది, ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదకి బరువు మార్చుకుంటోంది. వెనక లైను పెరుగుతోంది. అప్పుడే వినిపించింది నేను మొదట్లో చెప్పిన ఆ మాట.

నాకు సిగ్గేసింది. "పోన్లే అమ్మా, ఆ ఆరొందలు నేనిస్తాలే, పద" అన్నాను.

అమ్మ నా వైపు అదోలా చూసింది. "నువ్వివ్వడమేంట్రా? ఇస్తానన్నది వాళ్ళు కదా!" అంది.

దీనికి నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు.

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, గొంతు తగ్గించి "ఆంటీ, వేరే ఫోన్ నంబర్ ఏమన్న ఉంటే చెప్పుండ్రి" అంది. నా నంబర్ చెప్పాను. కూపన్ చెల్లింది! 1,034 కాస్తా 834. మూడోదానికి మా ఆవిడ నంబర్. 1,007 కాస్తా 807. అప్పుడర్థమైంది. ఒక ఫోన్ నంబర్‌కి రోజుకి ఒక్క కూపనే అని ఎక్కడో రూల్ ఉంది. వెనక వైపు పదకొండు షరతుల్లో ఆ రూల్ లేదు. పదకొండోది మాత్రం 'ముందస్తు సమాచారం లేకుండా షరతులు మార్చే హక్కు మాకుంది' అని. అంటే మిగతా పదీ ఉన్నా లేనట్టే.

నాలుగో కుప్పకి ఎవరి నంబర్ చెప్పాలా అని ఆలోచిస్తుంటే మేనేజర్ వచ్చాడు. లైన్ ఎందుకు ఆగిందో చూడ్డానికి వచ్చినవాడు కూపన్లు చూశాడు. "ఒకే ఫ్యామిలీ ఇన్ని కూపన్లు వాడకూడదు సార్."

"అలా అని ఎక్కడ రాశారండీ?"

"సిస్టమ్‌లో ఉంది సార్."

"కూపన్ మీద లేదుగా?"

"సిస్టమ్ తీసుకోదు సార్. మేమేం చెయ్యలేం. రోజుకొకటి చొప్పున వచ్చి వాడుకోండి."

మాకు ఆ రాత్రే ఊరికి బస్సు. 15 దాకా ఊళ్ళోనే ఉంటాం. ఆ మాటే చెప్పాను. ఆయన తన కార్డు గీకి రెండో బిల్లు, మూడో బిల్లు రద్దు చేసేశాడు. వేరే వేరే నంబర్లు చెప్పడం మా అతితెలివి, ఒప్పుకుంటాను. కానీ ఆయన ఆ అమ్మాయిని అందరి ముందూ "నీకెన్నిసార్లు చెప్పాలి?" అని కసురుకునేసరికి అమ్మ ఇక వాదించలేదు. మూడు కుప్పలకీ పూర్తి డబ్బు, 3,062 రూపాయలూ కట్టేసింది. మిగిలిన మూడు కూపన్లూ తీసి చేతిసంచీలో పెట్టుకుంది. అవి తనవి కదా మరి.

అక్కడితో అయిపోయుంటే ఇంత చెప్పేవాణ్ణి కాదు. కూపన్లతో గొడవ పడనివాళ్ళు మనలో ఎవరున్నారు?

19న ఊర్నించి తిరిగొచ్చాం. రెండ్రోజుల తర్వాత అమ్మ ఏదో కావాలని ఆ షాపుకి వెళ్ళొచ్చింది. వచ్చి సంచీ కింద పెట్టి, ఏమీ మాట్లాడకుండా కూర్చుంది. ఏమైందంటే అప్పుడు చెప్పింది. ఆ రోజు రాత్రి ఆ అమ్మాయి కౌంటర్ లెక్క చూస్తే 400 తేడా వచ్చిందట. సిస్టమ్‌లో మూడు కూపన్లు తీసుకున్నట్టుంది, ఆమె దగ్గర కాగితం కూపన్ ఒక్కటే ఉంది. మిగతా రెండూ ఏవమ్మా అంటే ఏం చెప్తుంది? జీతంలో 400 కోస్తామన్నారట. "మీ తప్పేం లేదు ఆంటీ" అని కూడా అందట పాపం.

"ఆ రెండు కూపన్లూ నా సంచీలోనే ఉన్నాయిరా" అంది అమ్మ.

ఇక్కడ నా ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి, తప్పదు. నేను చేసేది ఇదే. అమెరికాలో ఒక రిటైల్ క్లయింట్‌కి ప్రమోషన్స్ మాడ్యూల్ రాసే టీంలో నాలుగేళ్ళుగా ఉన్నాను. కాబట్టి అమ్మ చెప్తుండగానే నా బుర్రలో డిజైన్ డయాగ్రామ్ తిరగడం మొదలైంది.

కూపన్ స్కాన్ చెయ్యగానే దాని సీరియల్ నంబర్ కూపన్ల సర్వర్‌కి వెళ్తుంది. గడువు ఉందా, బిల్లు కనీస మొత్తం దాటిందా, మినహాయించిన సరుకులు తీసేశాక కూడా దాటిందా, ముందే వాడారా, ఈ కస్టమర్ ఇవాళ ఎన్ని వాడాడు... ఇలా వరసగా చూస్తుంది. అన్నీ సరిపోతే ఆ నంబర్ని 'వాడేశారు' అని గుర్తు పెట్టుకుంటుంది. బిల్లింగ్ దృష్టిలో కూపన్ కూడా నగదు లాంటిదే, కార్డు లాంటిదే, డబ్బు చెల్లించే ఇంకో పద్ధతి. రాత్రి కౌంటర్ మూసేటప్పుడు సిస్టమ్ చెప్పిన లెక్కా, డ్రాయర్లో ఉన్న నోట్లూ కూపన్లూ సరిపోవాలి.

మరి బిల్లు రద్దయితే? మూడు పనులు జరగాలి. సరుకు మళ్ళీ స్టాకులోకి రావాలి, కట్టిన డబ్బు లెక్కలోంచి పోవాలి, కూపన్ మళ్ళీ బతకాలి. వాళ్ళ దగ్గర మొదటి రెండూ జరిగాయి. మూడోది జరగలేదు. బిల్లింగ్ ఒక చోట, కూపన్లు ఇంకో సర్వర్లో ఉంటే ఇది చాలా మామూలుగా జరిగే తప్పు. బిల్లు చచ్చిపోయింది, కూపన్ మాత్రం ఖర్చయిపోయినట్టే ఉండిపోయింది.

ఇదంతా నా ఊహే. రుజువు కావాలి. అమ్మని తీసుకుని షాపుకి వెళ్ళాను. మేనేజర్‌కి కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. విని "సిస్టమ్ తప్పు చెయ్యదు సార్" అన్నాడు.

ఏడేళ్ళ నుంచీ ఈ పనిలో ఉన్నాను. ఈ మాట మన ఆఫీసులో ఎవరైనా అంటే టీ తాగుతున్నవాళ్ళకి పొలమారుతుంది. కానీ ఆ షాపులో ఎవరూ నవ్వలేదు. అక్కడ అది నిజం. మనిషికీ సిస్టమ్‌కీ లెక్క తేడా వస్తే తప్పు మనిషిదే. ఆ పిల్ల కూరగాయల తూకం దగ్గర నించుని మా వైపు చూస్తోంది. కౌంటర్ నుంచి తప్పించారు.

అమ్మ ఆ రెండు కూపన్లూ తీసి మేనేజర్ ముందు పెట్టింది. "ఇవిగో బాబూ, నాకొద్దు. ఆ పిల్ల జీతంలో కోసిన కొసరు నాకెందుకు?" అంది. ఆయన తీసుకోలేదు. గడువు అయిపోయిందట. రెండిట్లోనూ!

సరే, ఇక రాతకోతలే దారి అనుకున్నాను. అప్పుడు కాస్త చదివాను. చదివిందాంట్లో పనికొచ్చేవి మీకూ చెప్తాను, ఎప్పుడైనా అవసరం పడొచ్చు.

ఒకటి. 2022 జూన్ 9న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. వాటి ప్రకారం ప్రకటన ఏ భాషలో ఉంటే కింద రాసే షరతులు కూడా ఆ భాషలోనే ఉండాలి. అక్షరాలు కూడా ప్రకటనలో వాడిన అక్షరాల లాగే ఉండాలి. షరతు అనేది చెప్పిన మాటని వివరించొచ్చు గానీ, ఆ మాటనే కొట్టెయ్యకూడదు. ముసుగేసి ముఖ్యమైన సంగతి దాచకూడదు. అంటే ముందు వైపు ఎర్రటి తెలుగులో ఊరించి, వెనక వైపు చీమ తలకాయ ఇంగ్లీషులో తప్పించుకోవడం కుదరదన్నమాట. కాగితం మీద అసలు లేని షరతు గురించి ఇక చెప్పేదేముంది.

రెండు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, ఇవ్వాలనే ఉద్దేశం లేకుండా బహుమతులూ ఆఫర్లూ ప్రకటించడాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చారు. జిల్లా కమిషన్‌కి మనం ఉండే చోటు నుంచే ఫిర్యాదు చెయ్యొచ్చు. సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్ళ గడువుంటుంది. లాయర్ తప్పనిసరి కాదు.

మూడు. అంత దూరం వెళ్ళకముందు 1915 అనే హెల్ప్‌లైన్ ఉంది. తెలుగులో కూడా మాట్లాడొచ్చు. అది కోర్టు కాదు, వాళ్ళు తీర్పు చెప్పరు. మన ఫిర్యాదు కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తారు. చాలా గొడవలకి అది చాలు. ఎందుకంటే మన ఫిర్యాదు షాపు మేనేజర్ని దాటి పైకి వెళ్తుంది.

నాలుగోది మా పాత రూమ్మేట్ చెప్పింది. వాడు సీఏ. "కూపన్ అంటే వాళ్ళ దయాధర్మం అనుకుంటున్నావా? పుస్తకాల్లో అది అప్పురా" అన్నాడు. పెద్ద కంపెనీలు 2018 ఏప్రిల్ 1 నుంచి పాటిస్తున్న అకౌంటింగ్ ప్రమాణం ఒకటుంది, ఇండ్ ఏఎస్ 115 అని. దాని ప్రకారం ఒక కొనుగోలు మీద తర్వాతి కొనుగోలుకి చెప్పుకోదగ్గ డిస్కౌంట్ హక్కు ఇస్తే, మనం కట్టిన డబ్బులో కొంత ఆ హక్కుకి కేటాయించాలి. మన లెక్కే తీసుకోండి. 2,000 బిల్లుకి 200 కూపన్. సగం మందే వాడతారని అంచనా వేస్తే ఆ కూపన్ విలువ 100. అప్పుడు మనం కట్టిన 2,000 లో దాదాపు 95 రూపాయలు ఆ రోజు ఆదాయం కాదు. మనం కూపన్ వాడాకో, గడువు తీరాకో మాత్రమే ఆదాయం. అంటే దసరా నుంచి సంక్రాంతి దాకా దేవుడి గూట్లో కుంకుమ భరిణె కింద ఉన్నవి ఉచితాలు కావు, బాకీ పత్రాలు. మా అమ్మ ఏ ప్రమాణమూ చదవకుండానే ఒక్క ముక్కలో చెప్పేసింది కదా, "ఇస్తానన్నది వాళ్ళు" అని.

ఫిర్యాదు పెట్టాను. అందులో డబ్బు అడగలేదు. మూడు అడిగాను. రోజుకొక కూపన్ అనే షరతు ఎక్కడ అచ్చేశారో చూపించండి. జనవరి 12న మేం పూర్తిగా డబ్బు కట్టిన బిల్లులు ఇవిగో, కూపన్లు ఇవిగో, వీటి పరిస్థితి మీ రికార్డులో ఏంటో చెప్పండి. ఈ రెండు కూపన్ల పేరు మీద మీ ఉద్యోగి జీతం కోస్తున్నారు, అది ఆపండి. మూడోది హెల్ప్‌లైన్ పరిధిలోకి రాదని నాకు తెలుసు. అయినా రాశాను. నష్టం పేరుతో జీతం కొయ్యాలంటే అది ఆ ఉద్యోగి నిర్లక్ష్యం వల్లే జరిగుండాలి, కోసే ముందు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అప్పట్లో అమల్లో ఉన్న 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం చెప్పిందీ ఇదే, 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో అమల్లోకొచ్చిన వేతనాల కోడ్ చెప్పేదీ ఇదే.

పది రోజులకి జవాబొచ్చింది. 'మా రికార్డుల ప్రకారం మీ కూపన్లు జనవరి 12నే వినియోగించబడినవి. కావున మీ ఫిర్యాదు పరిష్కరించబడినది.'

చూసి ఎగిరి గంతేశాను. మా ఆవిడ కంగారుపడింది. ఓడిపోతే సంతోషమేంటి అని. ఓడిపోవడమేంటి, బగ్ దొరికింది కదా! వాడేసిన కూపన్లు మా చేతిలో ఉన్నాయి. అవి వాడిన బిల్లులు వాళ్ళే రద్దు చేశారు. అదే సరుకుకి పూర్తి డబ్బు కట్టిన బిల్లులు మా దగ్గరున్నాయి. ఇంతకన్నా రుజువేం కావాలి? ఈ మూడూ ఫోటోలు తీసి, ఈసారి కస్టమర్ కేర్‌కి కాకుండా వాళ్ళ ఐటీ వాళ్ళకి అర్థమయ్యే భాషలో, స్టెప్ ఒకటి, స్టెప్ రెండు, రావాల్సింది ఇది, వచ్చింది ఇది అని ఒక పద్ధతైన బగ్ రిపోర్ట్ రాసి పంపాను. జీవితంలో నేను రాసిన అన్నిటికన్నా శ్రద్ధగా రాసిన బగ్ రిపోర్ట్ అదే.

వారం తర్వాత ఫోనొచ్చింది. 'చిన్న టెక్నికల్ గ్లిచ్' అన్నారు. అమ్మ నంబర్ మీద 600 జమ చేశామన్నారు. ఆ ఉద్యోగి సంగతేంటి అంటే 'అది మా అంతర్గత విషయం సార్' అన్నారు. కానీ ఫిబ్రవరి నెలాఖరులో ఆ అమ్మాయే అమ్మతో చెప్పిందట, కోసిన 400 మళ్ళీ వేశారని. కౌంటర్‌కి మాత్రం ఇంకా పంపలేదు. తూకం దగ్గరే ఉంది.

మనం గెలిచాం అని ఇక్కడ ముగించెయ్యొచ్చు. కానీ అసలు సంగతి ఇంకా చెప్పలేదు.

ఆ ఫోన్ వచ్చిన మర్నాడు ఆఫీసులో మా కోడ్ తెరిచాను. బిల్లు రద్దయితే మేం కూపన్ని బతికిస్తున్నామా అని. బతికిస్తున్నాం. హమ్మయ్య అనుకుని ఇంకో పది లైన్లు కిందకి వెళ్ళాను. కూపన్ సర్వర్‌కి కాల్ వెళ్తుంది. ఒకవేళ సర్వర్ పలక్కపోతే? ఒక క్యాచ్ బ్లాక్. అందులో ఒకే ఒక్క లైను, లాగ్‌లో రాసి ఊరుకోవడం. మళ్ళీ ప్రయత్నించడం లేదు, ఎవరికీ చెప్పడం లేదు. ఎవర్రా ఇది రాసింది అని గిట్ బ్లేమ్ కొట్టాను.

నేనే. మూడేళ్ళ కిందట, రిలీజ్ ముందు రాత్రి. పక్కన నేనే రాసుకున్న కామెంట్ కూడా ఉంది, తర్వాత సరిచెయ్యాలి అని.

కూర్చుని లాగ్స్ వెతికాను. గత ముప్ఫై రోజుల్లో అది పదిహేడు సార్లు జరిగింది. అంతకు ముందు ఎన్నో తెలీదు. మేం ముప్ఫై రోజుల లాగ్సే దాస్తాం. ఆ పదిహేడు సార్లలో ఆ రాత్రి కౌంటర్ లెక్క ఎవరికి తేడా వచ్చిందో, ఆ తేడాకి అక్కడ ఏం చేస్తారో నాకు తెలీదు. మా దగ్గరికి ఒక్క బగ్ కూడా రాలేదు. ఎలా వస్తుంది? అక్కడ కూడా ఎవరో ఒక మేనేజర్ సిస్టమ్ తప్పు చెయ్యదు అనుంటాడు.

టికెట్ పెట్టాను. రెండు మార్పులు. రద్దు కాల్ ఫెయిలైతే క్యూలో పెట్టి మళ్ళీ మళ్ళీ ప్రయత్నించాలి. కూపన్ చెల్లకపోతే ఉత్తినే ఇన్‌వ్యాలిడ్ అని కాకుండా ఏ షరతు వల్ల చెల్లలేదో క్యాషియర్‌కీ, కస్టమర్‌కీ కనపడాలి. మా లీడ్ చూసి "క్లయింట్ అడగలేదుగా?" అన్నాడు. అడగలేదన్నాను. ఆరొందల రూపాయల కథంతా చెప్పాను. మంచివాడే, విన్నాడు. మొదటిది ఆ స్ప్రింట్లోనే వెళ్ళిపోయింది. రెండోది బ్యాక్‌లాగ్‌లో నాలుగు నెలలుంది, తర్వాత వెళ్ళింది. దాని ఎస్టిమేట్ ఎంతో తెలుసా? ఒక్క స్టోరీ పాయింట్. సగం పూట పని.

1887 ప్రాంతంలో అమెరికాలో కోకాకోలా వాళ్ళు ఒక గ్లాసు ఉచితం అని చీటీలు పంచారట, కూపన్ల చరిత్ర అక్కణ్ణించే మొదలని చెప్తారు. ఆ రోజుల్లో చీటీ ఇచ్చేవాడూ, తీసుకునేవాడూ మనుషులే. చెల్లదంటే ఎందుకు చెల్లదో వాడే చెప్పాలి. మా శెట్టిగారైనా అంతే, ఇవాళ కొసరు లేదమ్మా అంటే ఆ మాట ఆయన నోటితో ఆయనే అనాలి, అమ్మ మొహం చూసి అనాలి. ఇప్పుడు ఆ మాట మనం రాస్తున్నాం, ఏ రాత్రి పూటో, రిలీజ్ హడావుడిలో. దాన్ని పలకాల్సొచ్చేది మాత్రం కౌంటర్లో నించున్న పిల్ల. ఎందుకో ఆమెకి తెలీదు, తెలిసే వీలు మనం ఉంచలేదు.

'సిస్టమ్ తీసుకోవట్లేదు' అనే మాట ఇప్పుడు ఎక్కడ విన్నా, బ్యాంకులో, ఆస్పత్రిలో, రేషన్ షాపులో, నాకు వెంటనే ఒక ప్రశ్న వస్తోంది. ఏ షరతు వల్ల? ఎవరు పెట్టారు? ఎక్కడ రాశారు? అడిగి చూడండి. కౌంటర్లో ఉన్నవాళ్ళ మీద అరవకుండా అడగండి, వాళ్ళకీ తెలీదు పాపం.

అమ్మ ఆ 600 వాడిందా అంటే, వాడింది. కానీ కూపన్ల జోలికి మళ్ళీ పోలేదు. సరుకులు ఇప్పుడు కింద కొట్లోనే. అతను కొసరు వెయ్యడు, ఇది హైదరాబాద్ కదా. కానీ మొన్నెప్పుడో చిల్లర లేదని రెండు రూపాయలు తగ్గించుకున్నాడట. ఇంటికొచ్చి ఎంత సంబరంగా చెప్పిందో!

ఆ రెండు కూపన్లు మాత్రం ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి. దేవుడి గూట్లో కాదు. ఆఫీసులో నా మానిటర్ కింద పెట్టుకుందామని అడిగితే అమ్మ ఇవ్వలేదు. "చెల్లని కాగితాలు నీకెందుకురా" అంది.